ద్రాక్షతీగకు ముగ్గురు వైద్యులు

వినండమ్మా, స్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి! ఒక ద్రాక్షతీగకు బూజు తెగులు పట్టింది. నెలలో తగ్గకపోతే పీకేస్తానన్నాడు తోటమాలి.

“వేళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి, అదే జబ్బు,” అంది వానపాము.

“నీకు కళ్లుంటేగా! బూజు ఆకుల మీదుంది,” అంది చుక్కల రెక్కల అక్షింతల పురుగు.

“నా ప్రాణం పోయాక కొట్టుకోండర్రా!” అంది తీగ.

రెండూ సిగ్గుపడ్డాయి. వానపాము నేల గుల్ల చేసి నీళ్లు ఇంకించింది. పురుగు బూజు మేసింది. అయినా గుబురులో గాలి ఆడక బూజు మళ్లీ వచ్చింది. చివరికి కంచె బయటి మేకను పిలిచాయి.

“ఆకులు తింటానని తిట్టేది మీరేగా?” అంది మేక.

“ఈసారి తినడమే వైద్యం, మేకక్కా! మేం చూపించినవే సుమా!”

మేక గుబురు పలచన చేసింది. బూజు పోయింది. తోటమాలి కొత్త చిగుళ్లు చూసి, “నేను తీసిన దిష్టే పనిచేసింది!” అని మురిసిపోయాడు. తీగతో సహా అందరూ పకపకా నవ్వారు. పైవాడికి తెలుసు లెండి!