పైపేరు మార్చిన కెర్నెల్

మార్చి 14, గురువారం. ఎండగా ఉంది. పొద్దున్నే ఫ్యాను తుడిచాను.

ఆఫీసుకు రాగానే అక్క ఫోను చేసింది. సొంత అక్క కాదు, నీళ్ల పంపుల గదిలో చిన్న కంప్యూటర్లు చూసుకునే ఆవిడ.

"నువ్వు పంపిన కెర్నెల్ ప్యాకేజీ ఎక్కించాక మా మిషన్ లేవట్లేదు తమ్ముడూ. నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్న నెలలోనే ఇలా అవ్వాలా!"

"నీ హస్తవాసి అక్కా. ఏదో తప్పు నొక్కి ఉంటావు" అని నవ్వాను.

తర్వాత ప్యాకేజీ విప్పి చూశాను. లోపలున్నది నా పెద్ద మిషన్ ప్రాసెసర్‌కు కట్టిన కెర్నెల్, అంటే మిషన్‌ను లేపి నడిపే మూల ప్రోగ్రాము. నిన్న తనిఖీలో ఆర్కిటెక్చర్, అంటే ప్రాసెసర్ రకం, కుదరలేదని వస్తే, మళ్లీ కట్టడానికి బద్ధకించి పైన పేరు మాత్రం మార్చి పంపాను.

ఈసారి ఆమె మిషన్‌కు తగిన కంపైలరుతో మొదటినుంచి కట్టి పంపాను.

"లేచింది తమ్ముడూ! నీళ్లొస్తున్నాయి!"

"అక్కా, అసలు..."

"నేనే తప్పు నొక్కానని పెద్దసారుతో చెప్పేశాన్లే. పర్మనెంటు మాట వచ్చే ఏడు చూద్దామన్నారు. పాపం, నావల్ల నీకెంత శ్రమ!"

"పర్వాలేదక్కా" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు ఉతికాను.