ఆయిల్ మరక

శ్రీలత కారు ఈసారి కూడా గచ్చు మీద నల్లటి మరక పెట్టింది.

కావ్య కిటికీ పరదా కొంచెం జరిపి చూసింది. రాజమౌళి లుంగీ ఎగ్గట్టి కారు కింద పడుకున్నాడు. పక్కనే శ్రీలత గొంతుక్కూర్చుని ఫోన్ లైటు పట్టింది. ఆమె ఏదో అంది. కారు కింది నుంచి అతని నవ్వు వినిపించింది.

కావ్య పరదా విసురుగా లాగేసింది.

వారమంతా రెండు మాటలకు మించి మాట్లాడని మనిషి. ఆయన అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించేది తను. బ్యాంకు నుంచి రాగానే చాయ్ అందించేది తను. మొన్న జ్వరం వస్తే మిరియాల చారు కాచింది తను. కానీ శనివారం ఆ ఎర్ర కారు గేటు ముందు హారన్ కొట్టిందంటే, ఆయన కళ్ళకు తను కనిపించదు.

శ్రీలత ఏటూరునాగారం దవాఖానలో నర్సు. చామనఛాయ మనిషి. పెద్ద అందగత్తె కాదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా కావ్య ఆ సంగతి మరోసారి ఖాయం చేసుకునేది.

"అక్కా, మీ గచ్చంత ఖరాబైతాంది, ఏమనుకోకు," అంది శ్రీలత.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నేను కడుగుత," అంది కావ్య నవ్వుతూ. పళ్ళు బిగబట్టిన నవ్వు.

మెకానిక్ ఓంప్రకాశ్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"యూట్యూబ్‌ల చూసిన అన్నా," అంది శ్రీలత. "ఫ్లష్ మందు పోసి కడిగితే ఇంజన్ కొత్తగైతదట గదా?"

"గా పని మాత్రం చెయ్యకు చెల్లె. పాత బండి ఇది. లోపలంత మడ్డి పేరుకున్నది. ఆయిల్ కారకుంట ఆపే సీళ్లు అరిగినయ్, ఆ మడ్డే వాటిని పట్టుకొనున్నది. ఫ్లష్ పోస్తే మడ్డంత ఊడొచ్చి ఆయిల్ గుంజే జాలీకి అడ్డం పడతది. ఆయిల్ పైకి ఎక్కదు. ప్రెషర్ పడిపోయిందంటే ఇంజన్ జామే." చేతులు తుడుచుకున్నాడు. "వచ్చే వారం తీరుబడిగ సీళ్లు మారుస్త. అందాక ఆయిల్ తగ్గకుంట చూస్కోండ్రి."

ఆ మాటలన్నీ కిటికీ దగ్గర నిలబడి విన్నది కావ్య. ఆమెకు ఒక్కటే గుర్తుండిపోయింది.

మరో రెండు రోజులకు హన్మకొండ చౌరస్తాలో స్పేర్ పార్టుల దుకాణం మెట్లెక్కింది.

"ఫ్లష్ డబ్బా ఉన్నదా?"

"ఏ బండికమ్మా?"

"పాతదే," అంది.

మరుసటి వారం ఓంప్రకాశ్ రాలేదు. ఊళ్లో పెళ్ళట. ఆదివారం మధ్యాహ్నం రాజమౌళే బానెట్ ఎత్తి, ఆయిల్ పోసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. శ్రీలత అప్పటికే లోపల బ్యాగు సర్దుకుంటోంది.

కావ్య కొంగు చాటున డబ్బాతో బయటికొచ్చింది. ఇంజన్ ఆయిల్ మూత తిప్పింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఒంపింది.

రాజమౌళి వచ్చేసరికి ఆమె దండెం మీది బట్టలు తీస్తోంది.

"వాన వచ్చేటట్టే ఉన్నది గదా?" అన్నాడు అతను బానెట్ మూస్తూ.

"మబ్బు పట్టింది," అంది కావ్య. ఆయన తనంతట తాను మాట్లాడినందుకు, ఆ భయంలోనూ ఆమెకు సంతోషమేసింది.

"పోయొస్త అక్కా," అంటూ శ్రీలత స్టీరింగ్ ముందు కూర్చుంది. కారు గేటు దాటేలోపు ఒక్క మాట చెబితే చాలు. గొంతు దాకా వచ్చింది. అప్పుడే రాజమౌళి కారు అద్దంలోంచి చెయ్యి పెట్టి శ్రీలత చెంప మీది వెంట్రుకలు సర్దాడు.

కావ్య వెళ్ళి గేటు బార్లా తెరిచింది.

రెండు గంటలు గడిచాయో లేదో, ఫోన్ మోగింది. రాజమౌళి ముఖం పాలిపోయింది.

"దెబ్బ తాకిందా? నిజం చెప్పు! ఆడనే ఉండు, నేనొస్తాన!"

తాడ్వాయి అడవి దాటుతుండగా ఆయిల్ ఎర్ర దీపం వెలిగిందట. ఆపేలోపే ఇంజన్ కట్టెలా బిగుసుకుపోయిందట. వెనకొస్తున్న లారీ గుద్దితే కారు కాలువలోకి దిగిందట. అంతవరకే చెప్పి, కాళ్ళకు చెప్పులైనా లేకుండా బైకెక్కి పోయాడు.

కావ్య గోడకు ఆనుకుని కూలబడింది. కారు పోవాలనుకుంది గానీ మనిషి పోవాలనుకోలేదు. అనుకోలేదనే తనకు తాను చెప్పుకుంది. మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బైకు చప్పుడు వినగానే గేటు దాకా పరుగెత్తింది.

"ఎట్లున్నది?"

"చెయ్యి విరిగింది. జర్రంతల పాణగండం తప్పింది," అన్నాడు రాజమౌళి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మరి కారు?"

"తుక్కు కిందికి ఇచ్చేసిన."

"మరి... ఇగ ఎట్ల వస్తది?"

"ఇగ ఆమె వచ్చుడు లేదు. ఆ తోవల మళ్ల రానియ్య. నిన్న ఒట్టేసుకున్న."

కావ్య లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. భయం, పాపభీతి ఎటు పోయాయో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం జీడిపప్పు దండిగా వేసి సేమ్యా పాయసం చేసింది. ఆయన వద్దనకుండా తాగాడు. ఇక ప్రతి ఆదివారం ఇలాగే ఉంటుందనుకుంది.

నెల తిరగకుండానే రాజమౌళి ఏటూరునాగారానికి బదిలీ చేయించుకుని, సామాను వ్యానుకెక్కించి, చేతికి కట్టుతో ఉన్న భార్య శ్రీలతను పక్కన నిలబెట్టుకుని, కింది వాటా తాళంచెవి ఇంటి ఓనరమ్మ కావ్య చేతిలో పెట్టాడు.