నలభైకి సున్నా

"అయ్యో కాకా, ఎడమకు! ఎడమకు!"

సంధ్యారాణి అరుస్తూనే ఉంది. రాయమల్లు మాత్రం కుడి బటన్ నొక్కేశాడు. తెర మీద బొగ్గు కోసే మిషన్ నేరుగా పోయి గోడకు గుద్దుకుని ఆగిపోయింది. వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు.

గోదావరిఖని ట్రైనింగ్ సెంటర్‌లో ఇది ఐదో రోజు. బొగ్గు బాయిలో మనుషులు చేసే పని ఇకమీదట మిషన్లు చేస్తాయట. ఆ మిషన్లను దూరం నుంచి బటన్లతో నడపడం మనుషులు నేర్చుకోవాలట. నేర్పడానికి వచ్చిన సంధ్యారాణిది మందమర్రి, అదీ బొగ్గు గనుల ఊరే. బాయి మనుషులంటే ఆమెకు కొత్త కాదు. అయినా ఈ రాయమల్లు ఆమెకు అంతుపట్టడం లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, చప్పుడు విని పంపులో ఏం చెడిందో చెప్పేసే మనిషి. అలాంటివాడికి కుడి ఏదో ఎడమ ఏదో తెలియకపోవడమేమిటి?

"కాకా, కండ్లు మంచిగనే కనబడుతున్నయా?"

"మంచిగనే కనబడుతున్నయ్ మేడం. బుర్రకే ఎక్కుతలేదు," అన్నాడు రాయమల్లు దీనంగా.

అబద్ధం! బుర్రకు మొదటి రోజే ఎక్కింది. కాకపోతే, చాయ్ హోటల్ దగ్గర తోటి కార్మికుడు ఎల్లన్న చెవిలో ఊదిన మాట అంతకన్నా బాగా ఎక్కింది.

"డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే బిడ్డలకు నౌకరి వస్తలేదా? గిదీ గంతే. ట్రైనింగుల ఫెయిలైతే అన్‌ఫిట్టే. నీ దీపకు జల్ది ఆర్డర్ వస్తది, సూడు!"

దీప రాయమల్లు కూతురు. డిప్లొమా చదివి, మూడేళ్ళుగా జిరాక్సు షాపులో కాగితాలు తిప్పుతోంది. ఆ పిల్లకు బొగ్గు కంపెనీలో నౌకరి వస్తుందంటే, కుడి ఎడమలేం ఖర్మ, రాయమల్లు తన పేరు కూడా మరిచిపోతాడు.

ఆరో రోజు పరీక్ష. ట్యాబ్‌లో నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. రాయమల్లు చెమటలు కక్కుతూ ప్రతి ప్రశ్నా రెండేసిసార్లు చదివి మరీ వేలు పెట్టాడు. అందరికన్నా ఆఖరున లేచాడు.

ఫలితం చూసి సంధ్యారాణి కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది.

"కాకా, నలభైకి సున్నా!"

రాయమల్లు ముఖం వెలిగిపోయింది. "అయితే అన్‌ఫిట్ కాయితం ఎప్పుడిస్తరు మేడం? మా దీప సర్టిఫికెట్లు గూడ తెచ్చిన."

"దీప ఎవరు? అన్‌ఫిట్ ఏంది?" సంధ్యారాణి తెల్లబోయింది.

ఇక దాచడమెందుకని రాయమల్లు మొత్తం చెప్పేశాడు. ఆమె తల పట్టుకుంది.

"ఎవరు చెప్పిన్రు కాకా గట్ల? అన్‌ఫిట్ రాసేది డాక్టర్లు. నా దగ్గర ఫెయిలైతే మళ్ళ నేర్సుకునుడే, పాసయ్యేదాంక!"

రాయమల్లు దీప సర్టిఫికెట్లు మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు. ఆరు రోజులు అందరూ నవ్వుతుంటే పళ్ళ బిగువున భరించింది ఇందుకా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే, రేపు మళ్ళ గీ బెంచీ మీదనే కూసోవాల్నా మేడం?"

సంధ్యారాణి ట్యాబ్‌లో మిగతావాళ్ళ మార్కులు చూసి, మళ్ళీ ఆ సున్నా చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఎందుకు కాకా? ప్రశ్నలే సదువకుండ గుడ్డిగ కొట్టినోళ్ళకు గూడ తొమ్మిదో పదో ఒప్పులొచ్చినయ్. నలభైకి నలభై తప్పులు కొట్టాలంటే నలభై జవాబులూ వచ్చి ఉండాలె. రేపటి సంది గీ క్లాసు చెప్పేది నువ్వే!"