పిడికెడు కోర్టు మట్టి

ఫైనల్ నాటి ఉదయం వనపర్తి మట్టి కోర్టు దగ్గర హాజరైనవారు, వచ్చిన వరుసలో: టెన్నిస్ సంఘం అధ్యక్షులైన విశ్రాంత ఇంజనీరు నిరంజన్ గారు, కార్యదర్శి రంజిత్, ఫైనల్ ఆడవలసిన కొల్లాపూర్ అమ్మాయి నవనీత, చివరగా, ఎవరూ పిలవని ఒక వృద్ధురాలు.

మొదటి ముగ్గురికీ కుర్చీలు ఉన్నాయి.

వృద్ధురాలు చెప్పులు గేటు దగ్గర విడిచింది. తిన్నగా కోర్టులోకి వచ్చి, వెనుక గీత దగ్గర వంగి, మట్టిని గోకి కొంగులో వేసుకోసాగింది.

రంజిత్ పరుగెత్తాడు.

"ఏయ్ ముసలమ్మా! ఏం జేస్తున్నవ్?"

"జరంత మన్ను, సారూ. పిడికెడే."

"ఏంటికి?"

"మా ఆయన పానం ఇడిసిండు. బొందల ఏస్త."

"ఏ ఊరు నీది?"

"కొత్తకోట తొవ్వల కాలనీ, సారూ. జమ్ములమ్మ అంటరు నన్ను. పగటికే పీనుగను ఎత్తుతరు, జల్ది పోవాలె."

"కొత్తకోటల మన్నుకు కరువొచ్చిందా? బస్సెక్కి టెన్నిస్ కోర్టుకొచ్చినవ్!"

"గీ మన్నే కావాలన్నడు, సారూ. పోతపోత గదొక్కటే అడిగిండు."

"అట్లనా! ఏ టోర్నమెంట్ గెల్చిండు మీ ఆయన?"

ఆమెకు వేళాకోళం తెలియలేదు.

"ఆట రాదు, సారూ. నాగలి దున్నిండు."

రంజిత్ నవ్వబోయి ఆగాడు. ఆమె మట్టి తీసిన చోటు వైపు చూశాడు. ఒక్క నిమిషం ముందు నవనీత నిలబడి సర్వీసు సాధన చేసింది అక్కడే. ఆమె బూట్ల ముద్రలు ఇంకా చెదరలేదు.

ఈ ప్రాంతపు అమ్మాయి ఫైనల్‌కు రావడం ఆ పోటీ చరిత్రలో అదే మొదటిసారి.

మనిషి అడుగు కింది మన్ను తీసి శవాన్ని పూడ్చే బొందలో వేస్తే ఆ మనిషి ఇక లేవడని పాలమూరు పల్లెల్లో ఒక భయం ఉన్నది.

"సార్!" అని కేకవేశాడు రంజిత్. "గిది చేతబడి పని. మన పిల్ల అడుగు మన్ను తీస్కపోతుంది!"

నిరంజన్ గారు నెమ్మదిగా లేచి వచ్చారు.

"నాకు అటువంటి నమ్మకాలు లేవు, రంజిత్."

"మనకు లేవు సార్. అమ్మాయికి మనసుల పడితే?"

"పోనీయిండ్రి సార్," అన్నది నవనీత. "పిడికెడు మన్నే గద."

"నువ్వు ఆట మీద దృష్టి పెట్టమ్మా." నిరంజన్ గారు ఒక క్షణం ఆలోచించారు. "ఎందుకైనా మంచిది. కొంగు దులపమను."

"ఒట్టు సారూ, పిల్లకేం గాదు. నా మనుమరాలసొంటిది."

"దులుపు," అన్నాడు రంజిత్.

జమ్ములమ్మ దులిపింది. మడతల్లో కొంచెం మిగిలింది. రంజిత్ మళ్ళీ దులిపించాడు.

ఆమె అరచేతులకు అంటిన ఎరుపు రాలిపోకుండా వేళ్ళు ముడుచుకొని బయటికి నడిచింది.

ఫైనల్‌లో నవనీత గెలిచింది.

బహుమతి ప్రదాన సభలో నిరంజన్ గారు పోటీ చరిత్ర చదివారు. బెంగళూరు నుంచి, పుణె నుంచి ర్యాంకు కోసం వచ్చిన ఆటగాళ్ళు ఈ కోర్టును మెచ్చుకున్న సంగతి చెప్పారు. నడుమ కొన్నేళ్ళు ఆగిపోయిన పోటీని మళ్ళీ నిలబెట్టిన వైనం వివరించారు. కప్పు ఇచ్చినవారికి, వల ఇచ్చినవారికి, నీళ్ళ ట్యాంకు కట్టించినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు తెలిపారు.

విందుకు నవనీత ఆగలేదు. బంతుల ఖాళీ డబ్బాలో కోర్టు మట్టి నింపుకొని, అన్న బండి మీద కొత్తకోట దారి పట్టింది.

కాలనీ వెనుక బొంద మీద అప్పటికే కంపలు కప్పి ఉన్నాయి. జమ్ములమ్మ పక్కన ఒక్కతే కూర్చుని ఉన్నది.

"మన్ను తెచ్చిన, అమ్మమ్మా."

"పూడ్చిన్రు, బిడ్డా."

"పైన ఏస్త. ఏయమంటవా?"

"పైన ఏస్తె ఏమొస్తది? ఒంటికి తాకాలన్నడు."

నవనీత డబ్బా మూత పెట్టలేకపోయింది.

"ఆట గెల్చినవా?" అని అడిగింది జమ్ములమ్మ.

"గెల్చిన."

"సల్లగుండు బిడ్డా. ఓడిపోయుంటే నింద నా మీద పడుతుండె."

కొంచెం ఆగి నవనీత అడిగింది: "తాత పేరేంది, అమ్మమ్మా?"

"బుచ్చన్న."

మరునాడు సంఘం సమావేశానికి నాగర్‌కర్నూల్ నుంచి శ్రీశైలం గారు వచ్చారు. కోర్టు కట్టిననాటి సభ్యులలో మిగిలినవారు ఆయన ఒక్కరే. దవాఖానలో ఉన్నందున ఫైనల్‌కు రాలేకపోయారు.

రంజిత్ నవ్వుతూ ముసలమ్మ సంగతి చెప్పాడు. విజేతగా సమావేశానికి పిలిపించిన నవనీత నవ్వలేదు. బొంద దగ్గరి మాటలు ఆమె చెప్పింది.

"ఎవరి బొంద అన్నవమ్మా?" అన్నారు శ్రీశైలం గారు.

"బుచ్చన్న అని, సార్."

ఆయన కుర్చీ పట్టుకొని లేచి నిలబడ్డారు.

"రాసుకో, నిరంజన్," అన్నారు. "నీ చరిత్రల అన్నిటికన్న ముందు రాయి."

ఆయన ఆగి ఆగి చెప్పగా అధ్యక్షులు వ్రాసుకొని, అందరూ నిలబడి ఉండగా చదివిన వాక్యం ఇది:

"ఈ కోర్టుకు తగిన మట్టి ఎక్కడా దొరకని రోజున, అడిగిన వెంటనే తన ఎర్రమట్టి చెల్క పొలాన్ని తవ్వించి బండ్లకెత్తించిన రైతు కీర్తిశేషులు బుచ్చన్న గారికి సంఘం కృతజ్ఞతలు సమర్పిస్తూ, ఆ చెల్క యావత్తూ తరువాత రిజర్వాయరు నీటిలో మునిగిపోయినందున, ఆయన భూమి అనదగినది ఈ గీతల నడుమ తప్ప లోకంలో మరెక్కడా మిగిలి లేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నది."