మణికట్టు దెబ్బకే

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండల మొదట్లో, కార్‌పార్కులో, వంశీ భుజాన ఉన్న బ్యాగు పట్టీని సుభద్ర గుప్పిట బిగించి పట్టుకుంది.

"వదలండి ఆంటీ," అన్నాడు వంశీ మెల్లగా. "వెలుతురుండగానే ఎక్కి దిగాలి."

"ఎక్కడం లేదు, దిగడం లేదు," అంది సుభద్ర.

అది 2006 ఫిబ్రవరి. వంశీ, అచ్యుత్ ఇంగ్లండులో, స్టీవెనేజ్‌లో ఒకే కంపెనీలో ఇంజనీర్లు. లీవు పెట్టి, తాళ్ళూ పారలూ అద్దెకు తెచ్చుకుని, ఇక్కడిదాకా కారులో వచ్చారు. వద్దంటున్నా వినకుండా సుభద్ర వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. ఆవిడ పిరికితనం వాళ్ళకు తెలుసు. పక్కనుంచి లారీ పోతే కళ్ళు మూసుకుంటుంది. స్టేషన్లో ఎవరినైనా సాగనంపాల్సి వస్తే, రైలు కదలకముందే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది.

అలాంటి మనిషి పొద్దున్నే మోకాటి లోతు మంచులో డంకన్ వెనక నడిచింది. డంకన్ వాళ్ళు కుదుర్చుకున్న కొండ గైడు. పైనున్న పెద్ద వాలు ఎటు తిరిగి ఉందో అటే తిరిగి ఉన్న ఒక చిన్న గట్టు దగ్గర, మంచు నిలుస్తుందో జారుతుందో చూడ్డానికి, అతను గొయ్యి తవ్వాడు. మంచును దిమ్మెలా కోసి, దానిమీద పార బోర్లించి, తట్టి చూపించాడు. ముందు మణికట్టు ఆడిస్తూ తట్టాలి, తరవాత మోచేతి నుంచి, ఆఖరికి భుజం నుంచి. భుజం దెబ్బలకు కూడా నిలబడితే కొంత నమ్మొచ్చు.

ఆ దిమ్మె మణికట్టు దెబ్బకే జారిపోయింది.

సుభద్ర చేతి తొడుగు తీసి, తెగినచోట వేలు పెట్టింది. పైన గట్టి పెచ్చు. కింద పంచదార పలుకుల్లా, ఒకదానికొకటి అంటుకోని మంచు. మంచు చరియలు విరిగిపడటం గురించి లైబ్రరీ పుస్తకంలో, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివిందంతా వేలికి తగిలింది. మనిషి అడుగు పడితే చాలు, పెచ్చు పెచ్చంతా ఊడి మీద పడుతుంది.

డంకన్ తను రానన్నాడు. మీరూ వెళ్ళొద్దన్నాడు. అతను లేకపోయినా వెళ్తామన్నాడు వంశీ.

"ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పోతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి ఆంటీ?"

"మెడ మీదే పెట్టుకో. ఉన్నచోటే ఉంటుంది."

అచ్యుత్ నవ్వబోయి ఆగిపోయాడు.

అంతలో వంశీ ఫోను మోగింది. బర్మింగ్‌హామ్ నుంచి సుభద్ర తమ్ముడు, డాక్టర్ పార్థసారథి. ఫోను ఆవిడకిమ్మన్నాడు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ముందుకొచ్చారనీ, అడ్డుపడొద్దనీ, ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారనీ చెప్పాడు.

"నీ భయాలతో అన్నీ ఆగిపోతున్నాయక్కయ్యా. రేపు నువ్వే కూర్చుని ఏడుస్తావు."

"ఏడుస్తాను," అంది సుభద్ర. "ఆ ఏడుపు నాది. వీళ్ళ అమ్మలకు పంచిపెట్టను."

ఫోను పెట్టేసింది. బ్యాగు లాగి నేలమీద పడేసి, దానిమీద కూర్చుంది. మంచు కరిగాక ఏప్రిల్లో రమ్మంది. అప్పుడు తనూ వస్తానంది. ఇవాళ మాత్రం తనను ఈడ్చి పక్కన పెట్టాకే కొండెక్కాలంది.

వంశీ పార తీసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు.

అచ్యుత్ కారు స్టార్టు చేశాడు. సుభద్ర వెంటనే ఎక్కలేదు. ఈసారి వెనక్కి తిరగనూ లేదు. మబ్బు సందులోంచి తెల్లగా కనిపిస్తున్న వాలుకేసి నిటారుగా నిలబడి చెయ్యి ఊపింది.

జనవరిలో పెచ్చు ఊడి మీద పడ్డప్పటి నుంచీ ఆ మంచు కింద ఉన్నది వంశీవాళ్ళ స్నేహితుడు, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు జయకృష్ణ.