బీరువా సాక్ష్యం

"బాబ్బాబు, ఒక్కసారి మీ బీరువా లాగండి," బతిమాలాడు కిందింటాయన.

పైయింటాయన బిత్తరపోయాడు. "చప్పుడనేగా పోట్లాడారు? మానేశాను కదండీ!"

"మానేస్తే సాక్ష్యమేదీ? షాపులో పదకొండు రికార్డర్లు చెవికి ఆనించి చూసి, చీమ చిటుక్కుమన్నా పట్టేసేది కొన్నాను. మూడ్రోజులుగా మా ఆవిడ దగ్గు తప్ప ఏమీ పడలేదు. అసోసియేషన్‌లో మీ మీద ఫిర్యాదిచ్చేశాను. రేపు వాళ్లకి ఏం వినిపించను? నా పరువేం కాను?"

"నాకు నడుం నొప్పండీ."

"నేనూ ఓ చెయ్యి వేస్తాలెండి."

ఇద్దరూ లాగారు.

"అలాక్కాదు! వీధి అదరాలి! హైలెస్సా!"

కిందింటాయన కేకలకి ఎదురింటి కుక్క మంచం కింద దూరింది.

కింద రికార్డర్ దగ్గరున్న భార్య ఫోన్ చేసింది.

"పడిందా?" స్పీకర్ పెట్టి ఆత్రంగా అడిగాడు.

"నిక్షేపంలా పడింది. బీరువా మాత్రం వినబడట్లేదు. అంతా మీరే."

ఆయన బీరువాకి చేరగిలబడ్డాడు.

"మూడేళ్లుగా నాకూ అంతేనండీ," అన్నాడు పైయింటాయన మెల్లగా.