సీలు తీయని ప్యాకెట్

"ఇస్త్రీ పెట్టె వేడెక్కిందా లేదా?" అంది అత్తగారు, పాలపొడి ప్యాకెట్ మూతిని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని.

"ఎందుకత్తయ్యా ఈ దొంగపని? పొద్దున పాపకి ఒక గ్లాసు కలిపిచ్చామని ఉన్నమాట చెప్పేద్దాం."

"చెప్పి మిక్సీ పోగొట్టుకుందామా? సూపర్ మార్కెట్‌వాళ్ళు ఫోన్లో ఏమన్నారు? సీలు తీయని ప్యాకెట్ వెనక్కిస్తే కొత్త మిక్సీ, తీసేస్తే ఏమీ లేదు. నువ్వేగా విని నాకు చెప్పింది."

కోడలు ఇస్త్రీ పెట్టె తెచ్చిచ్చింది. అత్తగారు కత్తిరించిన అంచు మీద పాత గుడ్డ పరిచి, పెట్టెను అలా తాకించి తీసింది. కాస్త ముడత పడ్డా అంచు అతుక్కుంది. తగ్గిన పొడి తెలియకుండా ప్యాకెట్‌ను రెండు పక్కలా తట్టి గుల్ల చేసింది.

"చూడు, తయారుచేసినవాడు కూడా ఇంత ఒద్దికగా అతికించి ఉండడు."

కోడలు నవ్వలేదు. "అమ్మిన సరుకు ఇంటికొచ్చి తీసుకుపోతూ, పైన మిక్సీ కూడా ఇచ్చే వ్యాపారి ఎక్కడుంటాడత్తయ్యా? ఆ కొట్లో చేతిసంచి కూడా ఊరికే ఇవ్వరు. అయినా ఈ ప్యాకెట్ మనింట్లో ఉందని వాళ్ళకెలా తెలిసింది?"

"బిల్లు దగ్గర ఫోన్ నంబరు చెప్పించుకోలేదూ? పెద్ద కొట్టువాళ్ళు, వాళ్ళకి మిక్సీ ఒక లెక్కా. గుమ్మంలోకొచ్చిన లక్ష్మిని కాలదన్నకే తల్లీ."

లోపలి గదిలో పాప మంచం మీద ముడుచుకుని పడుకుంది. మామూలుగా పగలు నడుం వాల్చే పిల్ల కాదు. కోడలు వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు. చెమట పట్టి చల్లగా ఉంది.

బెల్లు మోగింది.

సూపర్ మార్కెట్ మనిషి ఒక చేత్తో మిక్సీ పెట్టె, మరో చేత్తో ఫోన్ పట్టుకుని లోపలికొచ్చాడు. పెట్టెను అందరికీ కనబడేట్టు బల్ల మధ్యలో ఉంచాడు. తర్వాత జేబులోంచి రబ్బరు తొడుగులు తీసి చేతులకు వేసుకున్నాడు.

"మీ కొట్లో సరుకేగా నాయనా, దానికి తొడుగులెందుకు?" అంది అత్తగారు.

"పైవాళ్ళ రూలు పిన్నిగారూ."

ప్యాకెట్ అందుకుని అంచు వెంట బొటనవేలు నడిపాడు. ముడత దగ్గర వేలు ఆగింది. అతను అత్తగారి మొహంలోకి ఒకసారి చూసి, ప్యాకెట్‌ను మందపాటి కవరులో వేసి మూతి బిగించి కట్టాడు.

"సీలు బాగానే ఉంది."

"ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారు?" కోడలు అడిగింది.

"బొమ్మ మారుస్తున్నారు మేడమ్. ప్యాకెట్ మీది బొమ్మ పెద్దసారుకి నచ్చలేదట."

"బొమ్మ నచ్చకపోతే ఇల్లిల్లూ తిరుగుతారా?"

"జీతమిచ్చేవాళ్ళు తిరగమంటే తిరగడమే గానీ, ఎందుకని అడిగే నోరు మాకెక్కడిది మేడమ్?" అని ఫోన్ పైకెత్తాడు. "పిన్నిగారూ, చిన్న వీడియో. 'ఈ పొడి మా ఇంట్లో ఎవరూ తాగలేదు, ప్యాకెట్ విప్పనే లేదు' అని ఒక్కముక్క అనండి. మిక్సీ మీదే."

"తాగి ఉంటే ఏమవుతుంది?" అంది కోడలు.

ఫోన్ ఆమె వైపు తిరగలేదు. "తాగారా?"

"ఎవరూ తాగలేదయ్యా, ప్యాకెట్ చూశావుగా" అని అత్తగారు చీర సర్దుకుని కూర్చుంది. "ఈ పొడి మా ఇంట్లో ఎవరూ..."

లోపలినుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. కోడలు పరుగెత్తింది. పాప మంచం పట్టె పట్టుకుని వంగి ఉంది. కింద విరిగిన పాలు.

"అమ్మా, గది తిరుగుతోంది" అంది పాప.

ముందుగదిలోంచి అతని గొంతు నింపాదిగా వినబడింది. "ఫ్యాన్ చప్పుడు పడింది పిన్నిగారూ. మళ్ళీ చెప్పండి."

ఆ గదిలో ఫ్యాన్ తిరగడం లేదు. ఎవరో మధ్య తలుపు దగ్గరగా వేశారు. ఈసారి అత్తగారు తడబడకుండా చెప్పింది.

కోడలు పాప మూతి కడిగి, భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి అతను లేడు. అత్తగారు మిక్సీ పెట్టె ముందు కూర్చుని ఉంది. దాన్ని విప్పలేదు.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఏం తాగిందంటే ఏం చూపించను? ప్యాకెట్ ఏదత్తయ్యా?"

అత్తగారు పాప కాళ్ళు పట్టుకుని చూసింది. చల్లగా తగిలాయి. మిక్సీ పెట్టె ఎత్తి కోడలి చేతికివ్వబోయి, ఆ చేతులు ఖాళీగా లేవని చూసి కింద పడేసింది.

"పరిగెత్తవే. అబద్ధమాడింది నేనేనని చెప్పు. వాడి మిక్సీ వాణ్ణే తీసుకుపొమ్మను. ఆ పొడిలో ఏముందో చెప్పమను చాలు."

కోడలు పాపను పొదివి పట్టుకుని మెట్లు దిగింది. గేటు బయట వ్యాను ఇంకా ఉంది. వెనక తలుపులు తీసి ఉన్నాయి. లోపల ఒక పక్క మిక్సీ పెట్టెలు, ఇంకో పక్క మూతులు కట్టిన కవర్లు, పైకప్పు దాకా. ఆ మనిషి ఇటు వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఈ వీధి కూడా అయిపోయింది సార్. అందరూ వీడియోలో చెప్పారు. ఇక ఎవరికేమైనా మన మీదికి రాదు."

అవతలివాళ్ళు ఏదో అడిగారు. అతను చిన్నగా నవ్వాడు.

"మిక్సీ ముందు పెట్టి అడిగితే, లోపల కక్కుకుంటున్న పిల్ల కూడా తాగనట్టే సార్."